ఆంగ్ల గ్రామకావ్యములందుఁ గర్తృవిచారము

కావ్యమును విమర్శించువారు సాధారణముగా రసమేది, అలంకారమేది, రీతియేది యని యడుగుదురు. వైయాకరణుఁడు వీనికంటె ముందొక చిన్నప్రశ్న వేయును: ఈ వాక్యమునఁ గర్త యెవఁడు? బాలురకు వ్యాకరణము నేర్పుచోఁ దక్క నన్యత్ర దీనికిఁ బనిలేదని తోఁపవచ్చును. కాని గ్రామజీవనమును వర్ణించిన యాంగ్లకావ్యములయెడ నింతకంటెఁ బ్రయోజనకరమైన ప్రశ్న మఱియొకటి లేదు. గ్రామములను గూర్చియు, గ్రామప్రభువుల సౌధములను గూర్చియు నాభాషలో నాలుగువందల యేండ్లుగాఁ బుట్టిన కవిత్వము, పొలము దున్నిన దెవరు, పంట తిన్న దెవరు, ఊరు ఖాళీ చేయించిన దెవరు అను మూఁడు ప్రశ్నలకుఁ గవులు చెప్పిన జవాబుల పరంపర. జవాబు చెప్పకుండుటయు నందొక జవాబే.

కారకములు వక్త వివక్ష ననుసరించి యేర్పడునని వ్యాకరణసిద్ధాంతము. దేవదత్తుఁడు కుండలోఁ గట్టెలతో నన్నము వండుచున్నాఁ డనునది లోకమున నున్న స్థితి. వక్త తలఁచుకొన్నచోఁ గట్టెలు వండుచున్న వనవచ్చును. అపుడు కరణము కర్త యగును. కుండ వండుచున్న దన్నచో నధికరణము కర్త యగును. అన్నము తనంత నుడుకుచున్న దన్నచోఁ గర్మయే కర్త యగును. ఈ కడపటిదానికిఁ గర్మకర్తరి ప్రయోగమని పేరు. శాస్త్రము దీని నంగీకరించినది గాని యూరక యంగీకరింపలేదు. పని మిక్కిలి సులువుగా సాగుచున్నదని తెలుపుటయే దాని ప్రయోజన మనియు, నందుఁ గర్తవ్యాపార మవివక్షిత మేకాని లేకపోలేదనియు శాబ్దికులు నిర్ణయించిరి. దేవదత్తుఁడు వాక్యమునుండి తొలఁగినను వంటయింటినుండి తొలఁగఁడు. ఈ సూక్ష్మమును మనస్సున నుంచుకొని యాంగ్లగ్రామచరిత్రమును, దానిని వర్ణించిన కవులను వరుసగాఁ బరిశీలింపవలసియున్నది.

తెనుఁగువారికి నీ విచారము పరాయిది గాదు. గోల్డ్‌స్మిత్తు రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' నాధారముగాఁ గొని కందుకూరి వీరేశలింగముగారు 1878లో రాజశేఖరచరిత్రమును వెలయించిరి. ఆ కవియే రచించిన 'డిజర్టెడ్ విలేజ్' అను కావ్యము, అనఁగాఁ బాడువడిన పల్లెను గూర్చిన కావ్యము, ఈ దేశపుఁ బాఠశాలలలోఁ దరతరములు పాఠ్యముగా నుండెను. దానిని వల్లెవేసిన వారెందఱో యుండిరి. ఆ పల్లెను బాడుచేసిన దెవరని యడిగినవారు కొందఱే.

ముందుగాఁ జరిత్రము. 1086లో విలియం రాజు తాను జయించిన యింగ్లండున నధికభాగమును లెక్కింపించి వ్రాయించిన గ్రంథమునకు 'డూమ్స్‌డే' యని పేరు. అందుఁ బదుమూఁడువేలకుఁ బైగా స్థలములు చేరియున్నవి. ప్రతిస్థలమునకును బూర్వరాజు కాలమున దాని నెవఁ డనుభవించెను, ఇపు డెవఁ డనుభవించుచున్నాఁడు, నాగళ్లెన్ని, మరలెన్ని, పచ్చిక యెంత, యేఁటి విలువ యెంత యను వివరములు లాటినుభాషలోఁ గలవు. ప్రభువునకుఁ బేరున్నది. దున్నినవానికి సంఖ్య యున్నది. ఇంతమంది విల్లెయినులు, ఇంతమంది చిన్నకమతగాండ్రు, ఇంతమంది బానిసలు అని వ్రాసి లేఖకుఁడు ముందునకు సాగును. లెక్కకు వచ్చిన జనులలో నించుమించు పదింట నొకఁడు బానిస. కర్తకు నామము లేక సంఖ్యమాత్ర ముండుట యీ సాహిత్యమున నక్కడనే యారంభమైనది.

మేనరు అనునది గ్రామమునకుఁ బర్యాయపదము గాదు. ఒక గ్రామమున రెండు మూఁడు మేనరు లుండవచ్చును. ఒక మేనరు పెక్కు గ్రామములపై వ్యాపించి యుండవచ్చును. గ్రామము జనుల నివాసము. మేనరు ప్రభువునకు వారిపైఁ గల యధికారము. మధ్యయింగ్లండున బహుగ్రామములలోఁ బొలము రెండు మూఁడు విశాలక్షేత్రములుగా నుండెను. వానిలో నొక్కొక్క కుటుంబమునకుఁ జెదరిన పట్టీలుగా భూమి యుండెను. ప్రభువునకు సొంతసేద్యపు భూమి వేఱుగాఁ గాని, యా పట్టీలనడుమఁ గాని యుండెడిది. విల్లెయిను తన యెడ్లతో వచ్చి వారమునకు రెండు మూఁడు దినములు దానిని దున్నవలెను. కోఁతకాలమున నింకను నెక్కువ. కూఁతునకుఁ బెండ్లి చేయుటకుఁ బన్ను చెల్లింపవలెను. వాఁడు చనిపోయినచో నింటిలోని మేలైన పశువు ప్రభువునకుఁ జేరును. ఈ వ్యవహారమంతయు మేనరు న్యాయసభ చిట్టాలకెక్కును. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్నచోఁ బ్రభువు ప్రయోజకకర్త, విల్లెయిను ప్రయోజ్యకర్త. ప్రభువు దున్నించెను, విల్లెయిను దున్నెను. కాలక్రమమున 'ఇంచు' అను ప్రత్యయము జాఱిపోయి ప్రభువే దున్నినట్లు చెప్పుట యలవాటయ్యెను.

ఆ చిట్టాల బలము విల్లెయినులకుఁ దెలియును. 1348-49 సంవత్సరముల మహామారి జనులలో మూఁడవవంతునకుఁ దక్కువకాకుండ హరించెను. కూలీలు కొఱవడి కూలిరేటు పెరుగఁగా, దాని నదుపుచేయుటకుఁ బార్లమెంటు 1351లో శాసనము చేసెను. 1381లో ఎసెక్సు, కెంటు మొదలగు సీమల జనులు తిరుగఁబడినపుడు పలుచోట్ల మేనరు చిట్టాలను వెదకి తగులఁబెట్టిరి. చదువురానివారు కాగితములపైఁ గసి తీర్చుకొనిరని కొంద ఱెగతాళి చేసిరి గాని, తమ దాస్యమెచట వ్రాసియున్నదో వారెఱుఁగుదురు. చిట్టా ప్రతినిబట్టి భూమి ననుభవించు 'కాపీహోల్డు' పద్ధతి 1926 జనవరి 1వ తేదివఱకు నింగ్లండున నిలిచియుండెను.

మహామారి తరువాత జనులు తగ్గిన పల్లెలలోఁ గొన్నింటిని బ్రభువులు గొఱ్ఱెలబీళ్లుగా మార్చిరి. యార్కుషైరులోని వారమ్ పెర్సీ యను గ్రామము క్రమముగా క్షీణించి, 1500 ప్రాంతమునఁ గడపటి కుటుంబములను గూడఁ గోలుపోయెను. 1950 మొదలు 1990 వఱకు మారిస్ బెరెస్‌ఫర్డు, జాన్ హర్స్టు ప్రభృతు లచటఁ ద్రవ్వి యిండ్ల పునాదులను బయల్పఱచిరి. ఉన్ని లాభకరము, గొఱ్ఱెల నొక కాపరి మేపఁగలఁడు. దున్నువారితోఁ బనిలేకపోయెను.

ఈ దశలోనే థామస్ మోరు 1516లో లాటినున 'యుటోపియా' గ్రంథమును బ్రకటించెను. పూర్వము సాధువులైన గొఱ్ఱె లిపుడు మనుష్యులను దినుచున్నవని యందొక పాత్ర పలుకును. ఇది యాలోచింపఁదగిన ప్రయోగము. పల్లెను ఖాళీచేయుటలో గొఱ్ఱె కరణమేకాని కర్త గాదు. కత్తి నఱకినదన్నట్లు మోరు కరణమును గర్తగాఁ జేసెను. అంతతో నాఁగినచో నది చమత్కార మగును. కాని యా వెంటనే యతఁడు ప్రభువులను, ధనికులను, మఠాధిపతులనుగూడఁ బేర్కొని కంచె వేయించువారు వీరే యని చెప్పెను. కర్తను మఱుఁగుపఱచి, పాఠకుఁ డదరిపడినపిదప నతనిని వెలికిఁ దెచ్చుట యుత్తమమైన వక్రోక్తి. ఈ కొలఁతతోఁ దరువాతి కవులను గొలువవలెను.

పదునాఱవ శతాబ్దమున నెనిమిదవ హెన్రీ మఠములను రద్దుచేసి (1536-40) వాని భూములను విక్రయింపఁగాఁ గ్రొత్త భూస్వాములు పుట్టిరి. క్రొత్త సౌధములు వెలసెను. ఆ సౌధములను స్తుతించు కావ్యజాతి తరువాతి శతాబ్దారంభమున నేర్పడెను. ఎమీలియా లానియరు 1611లోఁ గుక్‌హామును వర్ణించినది. బెన్ జాన్సను పెన్‌షర్స్టు సౌధముపై రచించిన కావ్యము 1616లో వెలువడెను. ఈ జాతికిఁ బిమ్మట నదియే మేలుబంతి యయ్యెను. ప్రబంధములలోని పురవర్ణన నెఱిఁగిన పండితులకు దీని తెఱఁ గపరిచితము గాదు.

జాన్సను కావ్యమున నొక వింత గలదు. అందుఁ జేపలు వలలోనికిఁ దామై దుముకును. పక్షులు చంపించుకొనుటకు సిద్ధముగా నుండును. పండ్లు బాలుని చేతికందునట్లు గోడలపై వ్రేలాడును. తోఁటమాలి యెచటను లేఁడు, పల్లెకారుఁడు లేఁడు, వేఁటకాఁడు లేఁడు. కౌలుదార్లు మాత్రము కోడిని, రొట్టెను, జున్నును, కాయలను దీసికొని ప్రభువును జూడ వత్తురు. వారు దానక్రియకుఁ గర్తలు, ప్రభువు సంప్రదానము. ఉత్పత్తిక్రియకు మాత్ర మెవరును గర్తలు గారు. శిస్తు మాటయే యుండదు. ఆ గోడ లెవరి యేడుపుతోను లేవలేదని కవి చెప్పును. ఇతరుల గోడ లట్లు లేచినవని దానివలననే యర్థాపత్తిగాఁ దేలుచున్నది.

1973లో రేమండ్ విలియమ్సు 'ది కంట్రీ అండ్ ది సిటీ' యను గ్రంథమున ఈ కావ్యజాతిలోఁ గూలివాని శ్రమ కనఁబడకుండఁ దీసివేయఁబడినదని యాక్షేపించెను. ఆక్షేపము యథార్థము. దానిని వ్యాకరణరీతిఁ జెప్పినచో దోష మెచట నున్నదో యింకను స్పష్టమగును. చేప తానై వలఁ జేరుట శుద్ధమైన కర్మకర్తరి ప్రయోగము. అది సౌకర్యమును, సమృద్ధిని ద్యోతకము చేయును. స్తుతికావ్యమున నా వివక్ష దోషము గాదు. జాన్సను నబద్ధికుఁ డనుట తగదు. చేపలు వలలో దుముకవని యతనికిఁ దెలియును, ప్రభువునకుఁ దెలియును, ఆ నవ్వులోనే కావ్యపు సొగసున్నది. అవివక్షితమును అవిద్యమానముగాఁ గొనుట వినువాని దోషము. కాని మోరు వలె జాన్సను తెరను మరలఁ దీయఁడు. తీయకుండుట కొకకారణముగూడఁ గలదు. కావ్యమున 'ప్రాచీన' మని పొగడొందిన యా సౌధమును గట్టించినవాఁడు పదునాల్గవ శతాబ్దపు లండను వర్తకుఁడు జాన్ డి పుల్టనీ. సిడ్నీ వంశమునకు దానిని 1552లో నాఱవ ఎడ్వర్డు రాజు ప్రసాదించెను. కావ్యరచనాకాలమున కది యా వంశమువారి చేతిలో నున్నది డెబ్బది యేండ్లకు లోపలనే. కర్త యెవఁడని యడుగుట మొదలుపెట్టినచోఁ దోఁటమాలి దగ్గఱ నది యాఁగదు, యజమానునివఱకుఁ బోవును.

పదునెనిమిదవ శతాబ్దమున గొఱ్ఱెల స్థానమున నుద్యానము వచ్చెను. సౌధపు కిటికీలనుండి చూడఁగాఁ బచ్చికయుఁ, జెఱువును, వృక్షసమూహములును మాత్రమే కానరావలెనని ప్రభువులు కోరిరి. ఆక్సుఫర్డుషైరులోని న్యూనహామ్ కోర్ట్నీ యందు సైమన్ హార్కోర్టు ప్రభువు 1760 ప్రాంతమునఁ దన నూతనసౌధమున కడ్డమున్న ప్రాఁతపల్లెను దొలఁగించి, జనులను ఆక్సుఫర్డు బాటవెంట రెండు వరుసలుగాఁ గట్టించిన యిండ్లకుఁ బంపెను. విడిపోవుట జరుగునపుడు కదలక నిలిచినది యపాదానమని శాస్త్రము. జనులు గ్రామమునుండి పోయిరన్నచో గ్రామ మపాదానము. న్యూనహామున గ్రామమే పోయెను. నిలిచినది ప్రభువు దృష్టి యొక్కటియే.

గోల్డ్‌స్మిత్తు 1762లో నొక చిన్నవ్యాసమున, లండనునకు నేఁబది మైళ్ల దూరమున నొక పల్లెను ధనికుఁ డొకఁడు విలాసస్థానముకొఱకు ఖాళీ చేయించిన వృత్తాంతమును వ్రాసెను. 1770లోఁ బ్రకటించిన కావ్యమునకు నదియే బీజము. ఆ పల్లె న్యూనహామే యని మేవిస్ బేటీ 1960 దశకమున నిరూపింపఁ బూనెను. ఈ యభిజ్ఞానము సంభావ్యమే కాని నిర్వివాదము గాదు. ఏలయన వ్యాసమందలి ధనికుఁడు లండను వర్తకుఁడు, హార్కోర్టు ప్రభుకులజుఁడు. మెకాలే మఱియొక విధముగా నాక్షేపించెను: కావ్యమునఁ బచ్చగానున్న పల్లె యింగ్లండుది, పాడువడిన పల్లె గోల్డ్‌స్మిత్తు పుట్టిన ఐర్లండుది, రెండును గలియవని. ఊరి పేరును గూర్చి యింత విచారము జరిగెను. కర్తను గూర్చి జరిగినది తక్కువ.

కావ్యమును జాగ్రత్తగాఁ జదివినచో నందు సంహారక్రియకుఁ గర్త లిద్దఱు గనఁబడుదురు. ఒకఁడు మనుష్యుఁడు: భూమినంతయు నాక్రమించి, చెఱువునకును, నుద్యానమునకును, గుఱ్ఱములకును, వేఁటకుక్కలకును జోటు చేసికొన్న యొంటి యజమానుఁడు. ఇతనికిఁ బేరులేదు, ఇతఁడు కనఁబడునది కొన్ని పాదములలో మాత్రమే. రెండవకర్త భావవాచకము: ఐశ్వర్యము, విలాసము, వాణిజ్యము. కావ్యము ముందునకు సాగినకొలఁది మొదటికర్త వెనుకఁబడి రెండవది ముందునకు వచ్చును. తుదకు వాణిజ్యసామ్రాజ్యము శీఘ్రముగాఁ గూలునను ధర్మోపదేశముతోఁ గావ్యము ముగియును. కడపటి నాలుగు పాదములు శామ్యూల్ జాన్సను పూరించినవి. భావవాచకమును నిందించినచో నెవ్వరికిని గోపము రాదు. హార్కోర్టు వంటి ప్రభువుగూడ నా కావ్యమును జదివి కన్నీరు విడువవచ్చును. 'విలాసము' తన పేరు గాదుగదా! గోల్డ్‌స్మిత్తు హృదయము సత్యము, పల్లెజనులపై నతని ప్రేమ సత్యము. ఉపాధ్యాయుని, మతగురువును జిత్రించిన తీరు మఱువరానిది. కాని కావ్యము బడులలో నంత సుఖముగాఁ జెల్లుటకుఁ గారణ మా ప్రేమ యొక్కటే గాదు. అది దుఃఖమును జూపి, దోషిని బొగమంచులో విడుచుటయుఁ గారణమే.

న్యూనహామును గూర్చియే నాఁటి రాజాస్థానకవి విలియం వైట్‌హెడ్డు వేఱొక కావ్యము వ్రాసెను. ఊరంతయుఁ దరలినపుడు తన గుడిసె విడువనొల్లని వృద్ధురాలి నొకతెను హార్కోర్టు ప్రభువు చనిపోవువఱకు నందే యుండనిచ్చెను. ఆ కవి ప్రభువు దయను గొనియాడెను. ఇల్లు పోఁగొట్టుకొన్న జనులు కావ్యమున లేరు. ఇల్లు నిలుపుకొన్న యొక్కతె దయకు సంప్రదానమై నిలిచినది. గోల్డ్‌స్మిత్తు కావ్యమునఁ గూడఁ బాడుపల్లెలో మిగిలిన యొక వృద్ధురాలు కలదు. ఆమె వాఁగులోని యాకుఁగూర యేఱుకొని బ్రదుకును. ఒకే వస్తువు రెండు వివక్షల కెట్లు లోఁబడునో యీ రెండు చిత్రములను బ్రక్కప్రక్కనఁ బెట్టి విద్యార్థులకుఁ జూపవచ్చును.

గోల్డ్‌స్మిత్తు తీపికి విరుగుడుగా జార్జి క్రాబు 1783లో 'ది విలేజ్' ప్రకటించెను. సముద్రతీరమందలి ఆల్డ్‌బరోలోఁ బుట్టి దారిద్ర్యమును స్వయముగా నెఱిఁగిన కవి యితఁడు. పల్లెలోఁ బాటలు లేవు, పని యున్నదని యితఁడు చెప్పెను. ఎండలో వంగిన వీఁపులు, బీదలశాలలోని ముసలివారు, రోగిని సరిగాఁ జూడని వైద్యుఁడు, వేఁటకుఁ బోయి యంత్యక్రియకు రాని మతగురువు ఇందుఁ గలరు. కాయకష్టమునకుఁ గూలివాఁడే కర్తయని చెప్పిన సత్యసంధుఁడు క్రాబు. అయినను దారిద్ర్యమునకుఁ గర్త యెవఁడనఁగా నతఁ డిసుకనేలను, కలుపుమొక్కలను, సముద్రమును జూపును, భూస్వామిని జూపఁడు. రెండవభాగము తుద యింకను విచారకరము. అప్పటికిఁ గవి బెల్వాయిరు కోటలో రట్లాండు ప్రభువునకు మతాచార్యుఁడు. ఆ ప్రభువు సోదరుఁడు రాబర్ట్ మానర్సు 1782 నాటి నౌకాయుద్ధమున గాయపడి మరణించెను. బీదల కావ్యము ఆ ప్రభుకుమారుని స్తుతితో ముగిసెను. కవియుఁ బ్రభువు నన్నము దినువాఁడే. ఇది యెగతాళి కొఱకుఁ జెప్పినది గాదు. కావ్యమునఁ గర్తృపద మెచట నెందుకు దాఁగినదో తెలిసికొనుటకుఁ గవి కూటి మూలముగూడఁ జూడవలెనని చెప్పుటకు.

ఈ కాలముననే యుమ్మడి భూములకుఁ గంచె వేయుట శాసనమార్గమునఁ బట్టెను. సుమారు 1750 మొదలు నూఱేండ్లలోఁ బార్లమెంటు నాలుగువేలదాఁక శాసనములు చేసెను. ఒక గణన ననుసరించి దాదాపు 68 లక్షల యకరములు, అనఁగా నింగ్లండు విస్తీర్ణమున నించుమించు నైదవవంతు, వానివలనఁ గంచెలలోఁ బడెను. గ్రామస్థుల సమ్మతిని దలలు లెక్కపెట్టి నిర్ణయింపలేదు. భూమి విలువనుబట్టి నిర్ణయించిరి. విలువలో ముప్పాతికవంతు గలవా రొప్పుకొనినచోఁ జాలును, వారొక్కరిద్దఱైనను గావచ్చును. తరువాతఁ గమిషనర్లు వచ్చి కొలిచి, పటము గీసి పంచుదురు. పత్రములేని గుడిసెవాఁడు, ఆవును మేపుకొను హక్కును పుల్ల లేఱుకొను హక్కును వాడుకచేత మాత్రమే పొందియున్నవాఁడు, పత్రము చూపలేక వెలి యగును.

ఆ శాసనముల వాక్యములు కర్మణిప్రయోగములు. హక్కులు రద్దు చేయఁబడును, భూమి పంచఁబడును, బాటలు మూయఁబడును, చేయువాఁడు చెప్పఁబడఁడు. తెనుఁగున నిట్టి కర్మణి సహజముగాదని మన వ్యాకర్తలు చెప్పుచునే యున్నారు. తెనుఁగువాఁడు 'దొర బాట మూయించెను' అనును. ఒకచోటఁ దెనుఁగు వ్యవహారము న్యాయశాస్త్రముకంటె నిజము పలుకుచున్నది.

కంచెలవలనఁ బంట పెరిగినదని వాదించువారు గలరు. హామండు దంపతులు 1911లోఁ బల్లెకూలివాని చరిత్రమును వ్రాసి కంచెలు బీదలను భూమినుండి వెడలఁగొట్టినవనిరి. చేంబర్సు 1953లోఁ గంచెలు కొట్టుట, కాలువలు త్రవ్వుట మొదలగు పనులు గూలీలను వెడలఁగొట్టలేదు సరిగదా యధికముగాఁ గోరినవనెను. నీసను 1993లో నుమ్మడిబీటి యాధారము పోయిన కుటుంబముల నష్టమును మరల లెక్కకుఁ దెచ్చెను. పంట పెరుగుట నిజమైనను జోలెఁబట్టినవాని నష్ట మబద్ధము గాదు. క్రియాఫలము కర్తకుఁ జెందునా, పరునకుఁ జెందునా యను భేదమునుబట్టియే సంస్కృతమున నాత్మనేపద పరస్మైపదములు పుట్టినవి. ఈ విచారమునఁ జరిత్రకారుల తగవంతయు నా భేదమును గూర్చినదే.

నష్టపడినవారిలోనుండి యొకకవి పుట్టుట యరుదు. జాన్ క్లేరు (1793-1864) నార్తాంప్టనుషైరులోని హెల్ప్‌స్టనునఁ గూలివాని కుమారుఁడు. తానును గూలిచేసి, బర్లీ సౌధపుఁ దోఁటలోఁ బనిచేసిన వాఁడు. అతని యూరి కంచెశాసనము 1809లోఁ బుట్టెను; పంపకపు నిర్ణయము 1820లో ముగిసెను. ఆ 1820లోనే యతని మొదటి కవితాసంపుటము వెలువడెను. అతని పోషకుఁడు రాడ్‌స్టాకు ప్రభువు, ధనమును నిందించు కొన్ని పాదములఁ జూచి కోపింపఁగా, నవి తరువాతి ముద్రణములలో లేకపోయెను. ప్రకాశకుఁడు టేలరు కవి మాండలికపదములను, లేఖనమును దిద్దెను. కంచెలను గూర్చిన 'ది మోర్సు' అను గొప్పకావ్యము కవి బ్రదికియుండఁగా ముద్రణమునకు రాలేదు. కవి వ్రాసినది వ్రాసినట్లుగా నున్న సమగ్రపాఠము ఆక్సుఫర్డు ముద్రణమున 1984 మొదలు 2003 వఱకుఁ గ్రమముగా వెలువడెను.

వ్యాకరణ మభ్యసించినవారు దీనినుండి నేర్చుకొనవలసిన దొకటి గలదు. శబ్దమును దిద్దినవాఁడును, గర్తను దొలఁగించినవాఁడును క్లేరు విషయమున నొకే పంక్తిలో నిలిచిరి. సాధుశబ్దముపైఁ బ్రీతి మంచిదే. ఆ ప్రీతి చాటునఁ గావలసిన మాట పోయినదేమో చూచుకొనుట పండితుని విధి.

క్లేరు రచించిన 'స్వార్డీ వెల్' విలాపము ఈ విచారమునకుఁ బరాకాష్ఠ. అందు మాటలాడునది మనుష్యుఁడు గాదు, రాయిత్రవ్వి గుల్లచేసిన యొక భూఖండము. బిచ్చమెత్తు బీద గ్రామపోషణలోఁ బడినట్లు తాను గ్రామము చేతిలోఁ బడితినని యది చెప్పుకొనును. తనపైఁ దేనెటీఁగకుఁ బూవు లేదని యేడ్చును. భూమి సర్వక్రియలకు నధికరణము. దున్నుటకు, నాటుటకు, కంచె వేయుటకు, తగవులాడుటకు నదియే యాధారము. కుండ వండుచున్నదన్నట్లధికరణమును గర్తగాఁ జేయుట వ్యాకరణమున నుదాహరణమాత్రము. క్లేరు దానిని కావ్యాత్మగాఁ జేసెను. జాన్సను చేప మాఱుపలుకక వలలోఁ బడినది. క్లేరు భూమి నోరువిప్పి తన్నుఁ ద్రవ్వినవాని లాభమును జెప్పినది. రెండును లోకమున జరుగనివే. మొదటిది కర్తను దాఁచుటకుఁ బనికివచ్చెను. రెండవది చూపుటకుఁ బనికివచ్చెను. కావున నింద వివక్షకుఁ గాదు, దాని వినియోగమునకు.

ఈ కర్తృవిచార మింగ్లండు సరిహద్దులలో నాఁగదు. 1814లో జేన్ ఆస్టిను వ్రాసిన 'మాన్స్‌ఫీల్డు పార్కు' నవలలో సౌధపు యజమానునకు వెస్టిండీసులోని యాంటిగ్వా ద్వీపమున నాస్తి గలదు. అచట బానిసలు చేయు పని యా సౌధపు నిశ్శబ్దమున కాధారము. 2020లో నేషనల్ ట్రస్టు తన యధీనమందలి స్థలములలోఁ దొంబదిమూఁటికి బానిసత్వముతోఁ గాని వలసరాజ్యములతోఁ గాని సంబంధము గలదని ప్రకటించెను. తెనుఁగుదేశముతోఁ దగిలిన యుదాహరణమును గలదు. 1698 మొదలు 1709 వఱకు మద్రాసు గవర్నరుగానున్న థామస్ పిట్టు కృష్ణాతీరపు గనులలోఁ బుట్టిన పెద్దవజ్రమును గొని, 1717లో ఫ్రెంచి రాజప్రతినిధి కమ్మెను. ఆ ద్రవ్యముతోఁ గార్న్‌వాలులోని బొకానక్ ఎస్టేటును గొనెను. బొకానక్ యజమానుఁడు పిట్టు అని చరిత్రము చెప్పును; కృష్ణాతీరమున నేలఁ ద్రవ్విన కూలివాఁడు చరిత్రమున నజ్ఞాతకర్త. 1802 నాఁటి శాశ్వతపరిష్కారమున మద్రాసు ప్రభుత్వము జమీందారులను భూమికి యజమానులని పేర్కొన్నపుడు, ఇంగ్లండు భూస్వామి మూర్తియే వారి కన్నులయెదుట నుండెను. ఆ పదము 1948 నాఁటి ఎస్టేటుల రద్దు చట్టమువఱకు రైతును వెన్నాడినది.

ఇఁక నిర్ణయము. ఈ కవులలోఁ బెన్‌షర్స్టు కవి శిల్పమున నగ్రగణ్యుఁడు; గోల్డ్‌స్మిత్తు మార్దవమున; క్రాబు నిజాయితీలో, అదియుఁ గావ్యపుఁ దొలిసగమున; క్లేరు సత్యమున. వీరి నొకరి నొకరితోఁ గొట్టివేయుట విమర్శనము గాదు. అందఱను జదువవలసినదే. కాని చదువుచోఁ బాఠశాలల పండితులు ప్రతిపద్యమునకు నన్వయము చెప్పునపుడు కర్తృపదము నధ్యాహారము చేసికొనుట యలవాటు గదా. ఆ యలవాటునే యిచటను గొంత దూరము సాగనిచ్చినఁ జాలును. చేపను బట్టిన దెవరు? గోడను గట్టిన దెవరు? పల్లెను దీసివేయించిన దెవరు? విద్యార్థి జవాబు వెదకుకొనుచు డూమ్స్‌డే లెక్కలను, మేనరు చిట్టాలను, కంచెశాసనములను, న్యూనహాము బాటవెంట నేఁటికిని నిలిచియున్న యా రెండువరుసల యిండ్లను జూచివచ్చును. అపుడు గోల్డ్‌స్మిత్తు కావ్యము మఱల విప్పినచో దాని శోకము తగ్గదు. ఆ శోక మెవరివలనఁ గలిగినదో యతనికిఁ దెలిసియుండును.